లాభం ఉంది, డబ్బేది?

ఏడో తారీఖుకి జీతాలు, టీడీఎస్. పదికి మెషీన్ ఈఎంఐ. పదిహేనుకి పీఎఫ్, ఈఎస్‌ఐ. ఇరవైకి జీఎస్టీ. మధ్యలో ఎక్కడో బెస్కాం కరెంటు బిల్లు, షెడ్డు అద్దె. బెంగళూరు పీణ్యలో నాలుగు మెషీన్లు పెట్టుకుని నడుపుతున్న వర్క్‌షాపు యజమాని ఎవరినైనా అర్ధరాత్రి లేపి అడిగినా ఈ తారీఖులు తడుముకోకుండా చెబుతాడు. అదే మనిషిని ‘పోయినేడు లాభమెంత?’ అని అడిగితే ‘ఆడిటర్‌ని కనుక్కోవాలి’ అంటాడు.

దీన్ని చాలామంది లెక్కలు తెలియకపోవడం కింద జమకడతారు. నేనలా అనుకోను. తన వ్యాపారం ఏ రోజున ఆగిపోయే ప్రమాదం ఉందో ఆయనకు బాగా తెలుసు. లాభం ఏడాదికోసారి తేలుతుంది. జీతాలు మాత్రం ఏడో తారీఖుకే ఇవ్వాలి. క్యాష్ ఫ్లో అంటే ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్న లెక్క ఒక్కటే కాదు. ఏ రోజు వస్తుంది, ఏ రోజున కట్టాలి అన్నది అందులో అసలు సగం. ఆ తారీఖులను ఎవరు నిర్ణయిస్తున్నారు అని కూడా అడిగితేగానీ విషయం పూర్తిగా అర్థం కాదు.

రాజాజీనగర్, పీణ్య చుట్టుపక్కల చిన్న షాపుల లెక్కలు చూడటం నా పని. వచ్చేవాళ్లలో చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు చాలామంది. మార్చి లెక్కలు తేలాక దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: ‘సార్, పన్నెండు లక్షలు లాభం వచ్చిందంటున్నారు, టాక్స్ కట్టమంటున్నారు. ఆ పన్నెండు లక్షలు ఎక్కడున్నాయో చెప్పండి. నా అకౌంట్‌లో నలభై వేలు కూడా లేవు.’

ఇది న్యాయమైన ప్రశ్న. చాలామందికి సరైన జవాబు దొరకదు కూడా.

లాభం ఎక్కడికి పోతుంది

సరుకు పంపి బిల్లు వేసిన రోజునే పుస్తకంలో అమ్మకం నమోదవుతుంది. డబ్బు వచ్చిందా లేదా అని ఆ పుస్తకం అడగదు. మార్చి 30న పది లక్షల బిల్లు వేస్తే, పార్టీ జూన్ ఆఖరులో డబ్బిచ్చినా, అది ఈ ఏడాది అమ్మకమే. అందులో లాభం ఈ ఏడాది లాభమే. దాని మీద పన్ను కూడా ఈ ఏడాదిదే. ఖర్చులదీ ఇదే పద్ధతి. గోడౌన్‌లో పడి ఉన్న స్టీలుకు డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం, కానీ ఆ సరుకు అమ్ముడయ్యేదాకా లాభనష్టాల పట్టికలో అది ఖర్చుగా కనిపించదు.

ఇంకొన్ని చెల్లింపులైతే ఆ పట్టికలో ఎప్పటికీ కనబడవు. మెషీన్ లోన్ ఈఎంఐ 60 వేలు కడితే, అందులో వడ్డీ భాగమే ఖర్చు. అసలు భాగం చేతి నుంచి పోతుంది గానీ లాభాన్ని తగ్గించదు. మెషీన్‌కు చేతి డబ్బు కొంత పెట్టామనుకోండి, అదీ ఖర్చు కాదు, ఆస్తి. ఇంటి ఖర్చుకు, అమ్మాయి కాలేజీ ఫీజుకు షాపు అకౌంట్ నుంచి తీసింది సొంత వాడకం. అదీ లాభంలోంచి తగ్గదు. తరుగుదల, అంటే మెషీన్ పాతబడేకొద్దీ తగ్గే విలువ, దీనికి తలకిందులు: ఏటా లాభాన్ని తగ్గిస్తుంది, కానీ ఆ పేరుతో ఎవరికీ పైసా ఇవ్వం.

కాబట్టి పైన అడిగినాయనకు జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: పన్నెండు లక్షల్లో ఏడు లక్షలు పార్టీల దగ్గర బాకీగా ఉంది, రెండు లక్షలు స్టీలు రూపంలో మూల పడి ఉంది, మిగిలినదానికి పైగా లోన్ అసలు కింద, ఇంటికి పోయింది. లాభం అబద్ధం కాదు. అది డబ్బు రూపంలో లేదు, అంతే.

ఒక ఆర్డరును దగ్గరగా చూద్దాం

పీణ్య రెండో స్టేజీలో లేత్ మీద స్టీలు భాగాలు చేసే ఒక టర్నింగ్ షాపు ఉందనుకుందాం. ఒక పెద్ద కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చింది, నెలకు 10 లక్షల సరుకు. స్టీలుకు 5 లక్షలు, జీతాలకు 2 లక్షలు, అద్దె, కరెంటు, టూల్స్ కలిపి లక్షన్నర. నెలకు లక్షన్నర మిగులు. ఇంత మార్జిన్ ఉన్న ఆర్డరును ఎవరూ కాదనరు.

ఇప్పుడు తారీఖులు. స్టీలు వ్యాపారి డబ్బు చేతిలో పడితేనే లోడు ఎత్తుతాడు, 18 శాతం జీఎస్టీతో కలిపి 5.9 లక్షలు. కంపెనీ మాత్రం బిల్లు వేశాక 90 రోజులకు ఇస్తుంది. నెలాఖరున 11.8 లక్షలకు బిల్లు వేస్తాం, అందులో 1.8 లక్షలు జీఎస్టీ. స్టీలు మీద కట్టిన 90 వేలు పోను, మరో 90 వేలు వచ్చే నెల ఇరవైకల్లా ప్రభుత్వానికి కట్టాలి. మిగతా చిన్న ఇన్‌పుట్ క్రెడిట్లు (కొన్నప్పుడు కట్టి, మన పన్నులో సర్దుకునే జీఎస్టీ) లెక్క తేలిగ్గా ఉండటం కోసం పక్కన పెడుతున్నాను.

ఏప్రిల్‌లో చేతి నుంచి పోయేది 9.4 లక్షలు. మేలో జీఎస్టీ కూడా తోడై 10.3 లక్షలు. జూన్‌లో మరో 10.3 లక్షలు. మూడు నెలలు గడిచేసరికి పుస్తకంలో లాభం 4.5 లక్షలు, చేతి నుంచి పోయింది 30 లక్షలు, చేతికి వచ్చింది సున్నా. ఏప్రిల్ 30 బిల్లు డబ్బు జూలై 29న వస్తుంది. ఆలోపు జూలై ఖర్చులు కూడా పెట్టేసి ఉంటాం గనుక జూలై 28 నాటికి పెట్టింది 40.3 లక్షలు. మొదటి 11.8 లక్షలు వచ్చాక కూడా 28.5 లక్షలు అందులోనే ఇరుక్కుని ఉంటాయి.

ఆ తర్వాత నెలకు 11.8 వస్తుంది, 10.3 పోతుంది, లక్షన్నర మిగులుతుంది. ఆర్డరు పెరగకుండా, తగ్గకుండా, ఒక్క నెల కూడా పేమెంటు ఆలస్యం కాకుండా సాగితే, ఆ 28.5 లక్షలు తిరిగి రావడానికి 19 నెలలు పడుతుంది. ఏడాదిన్నర దాటేదాకా ఈ ‘లాభసాటి’ ఆర్డరు ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇంటికి పంపనివ్వదు.

ఈ 28.5 లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడన్నదాన్ని బట్టి ఆ లక్షన్నర లాభంలో ఎంత నిలుస్తుందో తేలుతుంది. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ దాకా తీస్తూ, కడుతూ వాడుకునే అప్పు) ఏటా 11 శాతానికి దొరికితే నెలకు సుమారు 26 వేలు వడ్డీ. బ్యాంకు ఇవ్వక, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 57 వేలు. అంటే లాభంలో మూడో వంతుకు పైగా వడ్డీకే పోతుంది. చీటీ పాడి, నష్టానికి ఎత్తి, జీతాలిచ్చిన నెలలు ఈ ప్రాంతంలో ప్రతి షాపుకూ ఉంటాయి. లాభం గూబల్లోకి రావడం అంటే ఇదే.

జీఎస్టీ విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడాల్సినంతగా ఎవరూ మాట్లాడటం లేదు. మన చేతికి ఇంకా రాని డబ్బు మీద మనం పన్ను కడుతున్నాం. అదే బిల్లు చూపించి కొన్న కంపెనీ 1.8 లక్షల క్రెడిట్‌ను మరుసటి నెలే తన పన్నులో సర్దుకుంటుంది. డబ్బు మాత్రం మూడు నెలల తర్వాత ఇస్తుంది. సరఫరాదారుకు 180 రోజుల్లో డబ్బివ్వకపోతే ఆ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలన్న నిబంధన ఉంది. కానీ ఆరు నెలలంటే చిన్న షాపుకు చాలా ఎక్కువ. పార్టీ పూర్తిగా ఎగ్గొట్టినా మనం కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. మొండి బాకీ మీద పన్ను వాపసు ఇచ్చే ఏర్పాటు మన చట్టంలో లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. టర్నోవరు చిన్నగా ఉన్నవాళ్లకైనా వస్తువుల మీద పన్నును డబ్బు వచ్చినప్పుడే వసూలు చేసే పద్ధతి ఉండాలి.

పెరిగితే ఒకరికి కష్టం, తగ్గితే ఇంకొకరికి

ఏడాది తిరిగాక ఆ కంపెనీవాళ్లు పిలిచి, ‘మీ క్వాలిటీ బాగుంది, ఆర్డరు డబుల్ చేస్తాం’ అంటారు. షాపులో స్వీట్లు పంచుతారు. లెక్క ప్రకారం జరిగేదేమిటంటే, మొదటి 28.5 లక్షలు ఇంకా పూర్తిగా బయటికి రాకముందే మరో 28.5 లక్షలు లోపలికి పోవాలి. మధ్యలో ఒకానొక రోజున ఆ రెండో విడతకు 40 లక్షల దాకా కావాలి. పాత ఆర్డరు మీద వచ్చేది నెలకు లక్షన్నర. నేను చూసినంతలో షాపులు మూతపడేది ఆర్డర్లు లేక మాత్రమే కాదు. ఆర్డర్లు బాగా ఉన్న ఏడాదిలోనే స్టీలుకు డబ్బు లేక, సరుకు సమయానికి ఇవ్వలేక, పెనాల్టీలు పడి, ఓడీ నిండిపోయి నిండా మునిగినవాళ్లు ఉన్నారు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది అర్థం కాదు. ‘పని ఫుల్లుగా ఉంది కదా, మరి ఏమైంది?’ అంటారు.

అన్ని వ్యాపారాలూ ఇలా ఉండవు. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో మనవాళ్లు నడిపే పీజీని చూడండి. పిల్లలు నెల మొదట్లోనే అద్దె కడతారు. చేరేటప్పుడు అడ్వాన్సు ఇస్తారు. కిరాణా కొట్టువాడు, కూరగాయలవాడు పదిహేను రోజులకో నెలకో డబ్బు తీసుకుంటారు. అంటే డబ్బు ముందు వస్తుంది, ఖర్చు తర్వాత. వంద పడకలు, మనిషికి నెలకు ఎనిమిది వేలు అద్దె, అడ్వాన్సూ అంతే అనుకుంటే, యజమాని చేతిలో ఎప్పుడూ 8 లక్షల పరాయి సొమ్ము ఆడుతూ ఉంటుంది. ఇంకో బిల్డింగు తీసుకుంటే ఇంకో 8 లక్షలు. ఈ వ్యాపారం పెరిగేకొద్దీ చేతిలో డబ్బు కూడా పెరుగుతుంది. వర్క్‌షాపు యజమానికి ఇది కలలో కూడా దొరకని సుఖం.

ప్రమాదం తగ్గినప్పుడు వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఐటీ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సొంత ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు బెంగళూరు పీజీల్లో గదులకు గదులు ఖాళీ అయ్యాయి. పైన చెప్పిన పీజీలో సగం మంది ఒకే నెలలో ఖాళీ చేస్తే, అద్దె 4 లక్షలు తగ్గుతుంది, అదే నెలలో 4 లక్షల అడ్వాన్సు తిరిగివ్వాలి. బిల్డింగు ఓనరుకు కట్టాల్సింది మాత్రం తగ్గదు. ఆ అడ్వాన్సు సొమ్మును పక్కనుంచినవాళ్లు తట్టుకున్నారు. దాంతో రెండో బిల్డింగు ఓనరుకు డిపాజిట్ కట్టేసినవాళ్లకు అప్పు తప్ప దారి లేకపోయింది.

మీ వ్యాపారం ఈ రెంటిలో ఏ రకమో తేల్చుకోవడం క్యాష్ ఫ్లో గురించి నేర్చుకోవాల్సిన మొదటి విషయం. సరుకు ఎన్ని రోజులు మన దగ్గర ఉంటుంది, అమ్మాక డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది, ఈ రెండూ కలిపి, మనకు సరఫరాదారులు ఇచ్చే గడువును అందులోంచి తీసేయండి. వచ్చిన సంఖ్య సున్నాకు పైన ఉంటే, అన్ని రోజుల పాటు మీ డబ్బు ఇరుక్కుని ఉంటుంది, వ్యాపారం పెరిగితే ఇంకా ఇరుక్కుంటుంది. సున్నాకు కింద ఉంటే, ఇతరుల డబ్బుతో నడుస్తున్నారు. వ్యాపారం తగ్గిన నెలలో ఆ డబ్బు తిరిగివ్వాలి.

పెద్ద కంపెనీల పట్టిక

షేర్లు కొనేవాళ్ల కోసం ఒక మాట. లిస్టెడ్ కంపెనీలు వార్షిక నివేదికలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. అందులో మూడు భాగాలుంటాయి. అసలు వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు ఒకటి, మెషీన్లు, భూములు, పెట్టుబడుల మీద పెట్టింది రెండు, అప్పులు, వాటాలు, డివిడెండ్ల లావాదేవీలు మూడు. మొదటి భాగం లాభంతో మొదలై, తరుగుదలను తిరిగి కలిపి, పెరిగిన బాకీలను, పెరిగిన సరుకును తీసేసి, అసలు చేతికి ఎంత వచ్చిందో చెబుతుంది. ఏటేటా లాభం పెరుగుతూ, ఈ మొదటి భాగం మాత్రం మైనస్‌లోనే ఉంటే, అమ్మకాలకంటే బాకీలు వేగంగా పెరుగుతూ ఉంటే, ఆ కంపెనీ దగ్గర ఆగి ఆలోచించాలి. కొత్తగా ఎదుగుతున్న కంపెనీకి ఒకటి రెండేళ్లు అలా ఉండటం సహజమే, పైన వర్క్‌షాపు లెక్కలో చూశాం. ఏడెనిమిదేళ్లు అలాగే ఉండటం సహజం కాదు.

పట్టికలో ఉంది కదా అని గుడ్డిగా నమ్మకూడదని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. అక్కడ దొంగలెక్క లాభం దగ్గర మాత్రమే ఆగలేదు. లేని లాభాన్ని చూపిస్తూ పోతే అది ఎక్కడో ఒకచోట ఆస్తిగా కనబడాలి, వాళ్లు దాన్ని బ్యాంకు నిల్వగా చూపించారు.

చిన్నవాళ్ల విషయానికొస్తే, 2013 కంపెనీల చట్టం చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు ఈ స్టేట్‌మెంట్ నుంచి మినహాయింపునిచ్చింది. ప్రొప్రయిటర్‌షిప్ షాపులకు అసలు అవసరమే లేదు. కాగితాల పని తగ్గించడానికి చేసిన మేలే ఇది. కానీ ఫలితం ఏమిటంటే, ఈ లెక్క ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల ఫైల్లో అది ఉండదు.

తారీఖు ఎవరి చేతిలో ఉంది

ఇంతదాకా 90 రోజులు అనేదాన్ని ఒక వాతావరణ విషయంలా రాశాను. అది ఎవరో తీసుకున్న నిర్ణయం. కొనేవాడి బ్యాంకులో డబ్బు ఉంది, అయినా ఇవ్వడు. ఎందుకంటే మన డబ్బు 90 రోజులు తన దగ్గర ఉంటే తనకు వడ్డీ లేని అప్పు దొరికినట్టే. బలమున్నవాడు బలం లేనివాడి దగ్గర అప్పు తీసుకోవడం, అదీ అడగకుండా తీసుకోవడం, మన పరిశ్రమల్లో రోజూ జరిగేదే. ఆ భారం కిందికి జారుతూ చివరికి ఎవరి మీద పడుతుంది? ఏడో తారీఖు జీతం పద్నాలుగుకి అందుకునే ఆపరేటర్ మీద. క్యాష్ ఫ్లోను అకౌంట్స్ పాఠంగా మాత్రమే చెప్పేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

చట్టం ఈ విషయాన్ని గుర్తించకపోలేదు. 2006 ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తి, సేవా సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బివ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. ఒప్పందంలో 90 అని రాసుకున్నా చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. 2023 బడ్జెట్‌లో 1961 ఆదాయపు పన్ను చట్టానికి 43బి(హెచ్) అనే నిబంధన చేర్చారు. గడువులోపల ఇవ్వని డబ్బును, నిజంగా ఇచ్చిన ఏడాదిలోనే కొనుగోలుదారు ఖర్చుగా చూపించుకోగలడు. ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మార్చి నెలలో పాత బాకీలు కొన్ని కదలడం ఆ తర్వాత నేను కళ్లారా చూశాను.

అయినా ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువే. ఎందుకో అందరికీ తెలుసు. ఇలాంటి బాకీల తగవులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేస్తే బాకీ వస్తుందేమో గానీ ఆర్డరు పోతుంది. 43బి(హెచ్) అమల్లోకి రాకముందే, చిన్నవాళ్ల దగ్గర కొనడం మానేసి పెద్దవాళ్ల దగ్గరికి పోతారేమో అన్న భయం వ్యాపార సంఘాల్లో గట్టిగా వినిపించింది. ఇక ఫోన్ చేసినప్పుడల్లా పర్చేజ్ ఆఫీసు నుంచి వచ్చే మాట ఒక్కటే, ‘ముందిన వార నోడోణ’, వచ్చే వారం చూద్దాం.

చాలామందికి తెలియని ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. సరుకు దించుకున్నాక ‘ఇంకా ఇన్‌స్పెక్షన్ కాలేదు, మెటీరియల్ అంగీకరించలేదు’ అని నెలరోజులు గడిపి, అప్పటి నుంచి రోజులు లెక్కపెట్టడం మామూలు ఎత్తు. చట్టం దీన్ని ఒప్పుకోదు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. కాబట్టి డెలివరీ చలానా మీద తేదీతో సహా సంతకం, సీలు తీసుకోండి. డ్రైవర్ తొందరపడుతున్నాడని వదిలేయకండి. ఆ కాగితం ఉంటే కేసు వేయకుండానే, ఒక మర్యాదైన ఈమెయిల్‌తో చాలాసార్లు పని జరుగుతుంది.

ట్రెడ్స్ అని ఇంకో దారి ఉంది. రిజర్వు బ్యాంకు 2014లో నియమాలు ఇస్తే 2017 నుంచి ఆర్‌ఎక్స్ఐఎల్, ఎమ్1ఎక్స్చేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ అనే వేదికలు నడుస్తున్నాయి. పెద్ద కంపెనీ ఒప్పుకున్న బిల్లును అక్కడ పెడితే బ్యాంకులు పోటీపడి కొంటాయి, కొద్ది రోజుల్లో డబ్బు వస్తుంది. కంపెనీ తర్వాత బ్యాంకుకు ఇవ్వకపోయినా మనల్ని అడగరు. వడ్డీ కూడా మన పరపతిని బట్టి కాకుండా ఆ కంపెనీ పరపతిని బట్టి ఉంటుంది, కాబట్టి చవక. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు 2025 మార్చి ఆఖరుకల్లా ఇందులో చేరాలని ప్రభుత్వం చెప్పింది. అయితే చేరడం వేరు, మన బిల్లును అందులో ఒప్పుకోవడం వేరు. ఆర్డరు మాట్లాడేటప్పుడే ఈ విషయం అడిగి, ఈమెయిల్లో రాయించుకోవడం మంచిది.

బ్యాంకు లిమిట్‌లో ఒక మెలిక

ఓడీ లిమిట్ 20 లక్షలు ఉందంటే 20 లక్షలు ఎప్పుడూ వాడుకోవచ్చని అనుకుంటాం. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే అప్పటికి ఎంత వాడుకోవచ్చో, లెక్కగడుతుంది. సరుకు, రావలసిన బాకీల విలువలోంచి మార్జిన్, సాధారణంగా నాలుగో వంతు, తీసేస్తుంది. మామూలుగా 90 రోజులు దాటిన బిల్లును అసలు లెక్కలోకే తీసుకోదు. అంటే 11.8 లక్షల పార్టీ 90వ రోజున ఇవ్వకుండా ఇంకో రెండు వారాలు లాగితే, ఆ డబ్బు రాకపోవడం ఒక దెబ్బ, అదే వారంలో బ్యాంకులో వాడుకోగలిగింది దాదాపు 9 లక్షలు తగ్గడం రెండో దెబ్బ. ఒకే ఆలస్యం రెండు వైపులా కొడుతుంది. ఈ మెలిక ముందే తెలిసినవాళ్లు లిమిట్‌ను అంచుదాకా వాడరు.

ఓడీ డబ్బుతో మెషీన్ కొనడం గురించి కూడా చెప్పి తీరాలి. ఓడీ స్టీలు కొని, అమ్మి, తిరిగి నింపుకోవడానికి. మెషీన్‌లో పెట్టిన డబ్బు నాలుగైదేళ్లకు గానీ తిరిగి రాదు. టర్మ్ లోన్ శాంక్షన్ అయ్యేదాకా ఆగలేక ఓడీలోంచి పాతిక లక్షలు మెషీన్‌కు కట్టేస్తే, మరుసటి నెల స్టీలుకు డబ్బుండదు. కొత్త మెషీన్ ఖాళీగా నిలబడుతుంది.

ఆర్డరు ఒప్పుకునే ముందు

సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కు లేదా ఎక్సెల్ షీటు చాలు. రాబోయే 13 వారాలకు వారానికో గడి. పైన చేతిలో ఉన్న డబ్బు, కింద ఆ వారం వచ్చేది, పోయేది, మిగిలేది. బిల్లు మీద 45 రోజులని రాసి ఉండి, పార్టీ ఎప్పుడూ 78వ రోజునే ఇస్తుంటే, షీటులో 78 అనే రాయాలి. మనకు రావలసింది ఆశతో కాదు, ఆ పార్టీ అలవాటును బట్టి రాయాలి. మైనస్ కనిపించే వారం ఎనిమిది వారాల ముందే తెలిస్తే బ్యాంకుతో మాట్లాడొచ్చు, స్టీలు వ్యాపారిని ముప్పై రోజుల గడువు అడగొచ్చు. రెండు రోజుల ముందు తెలిస్తే రెండు రూపాయల వడ్డీయే దిక్కు.

గడువు గురించి బేరమాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు. ధర దగ్గర రూపాయి రూపాయికీ పోట్లాడతారు, పేమెంట్ టర్మ్స్ దగ్గర తలూపేస్తారు. పైన చెప్పిన ఆర్డరులో డబ్బు 90కి బదులు 45 రోజులకే వస్తే ముందుగా పెట్టాల్సింది 40 లక్షల నుంచి 30 లక్షలకు తగ్గుతుంది. ‘30వ రోజున ఇస్తే బిల్లులో 2 శాతం తగ్గిస్తాను’ అని అడిగి చూడండి. రెండు నెలలు ముందు వచ్చే డబ్బుకు అది ఏడాదికి సుమారు 12 శాతం ఖర్చు. నూటికి రెండు రూపాయలంటే 24 శాతం.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది మెటీరియల్ ఎవరిదన్న ప్రశ్న. అదే కంపెనీని ‘స్టీలు మీరే పంపండి, మేం లేబరు చార్జీ బిల్లు వేస్తాం’ అని అడిగితే నెల బిల్లు 10 లక్షల నుంచి 5 లక్షలకు పడిపోతుంది. ఖర్చు మూడున్నర లక్షలే, లాభం అదే లక్షన్నర. 90 రోజుల గడువు అలాగే ఉంచి లెక్క వేసినా, మొదటి పేమెంటుకు ముందు రోజు నాటికి పెట్టేది 40.3 లక్షలకు బదులు 16.7 లక్షలు, అది వచ్చాక ఇరుక్కునేది 28.5 లక్షలకు బదులు 10.8 లక్షలు. ఈ మాట చెప్పగానే వచ్చే అభ్యంతరం, ‘టర్నోవరు సగమైతే బ్యాంకు లిమిట్ కూడా సగమవుతుంది కదా’ అని. నిజమే. చిన్న సంస్థలకు బ్యాంకులు పాటించే నాయక్ కమిటీ లెక్క ప్రకారం లిమిట్ ఏడాది టర్నోవరులో 20 శాతం. 1.2 కోట్ల మీద 24 లక్షలు వచ్చేది, 60 లక్షల మీద 12 లక్షలే వస్తుంది. కానీ అవసరం కూడా పక్కన పెట్టి చూడండి: మొదటి పద్ధతిలో 40.3 లక్షలు కావాలి, లిమిట్ 24, బయట వెతుక్కోవాల్సింది 16.3 లక్షలు. రెండో పద్ధతిలో 16.7 లక్షలు కావాలి, లిమిట్ 12, వెతుక్కోవాల్సింది 4.7 లక్షలు.